కొండలయ్య చెవి

పెంచలనరసయ్య పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టి, "దీన్నిండా పాటలెయ్యి మా. ఎన్ని పడితే అన్ని," అన్నాడు.

మర్రిపాడు నుంచి ట్రాక్టరు తోలుకొచ్చిన మనిషి. చొక్కా భుజాల మీద ఎర్రదుమ్ము అట్టగట్టి ఉంది. కృపారాణి పెన్‌డ్రైవును తిప్పి చూసి, "యాడ వింటావన్నా? ట్రాక్టర్లోనా, ఇంటికాడా?" అని అడిగింది.

"యాడైతే ఏంది? పాట పాటే గదా."

"అట్ట గాదు. ట్రాక్టర్లో పెట్టెకు ఎంపీత్రీ తప్ప ఇంకోటి తెలవదు. వేరే రకం ఏసిస్తే నోరు మూసుకుని కూచుంటాది. మళ్ళా నువ్వొచ్చి నన్ను తిడతావు."

నరసయ్య నవ్వాడు. "పోయినసారి ఇంకో అంగట్లో మూడువేల పాటలేసిచ్చినాడు. అన్నీ బావిలో నుంచి పాడినట్టుండాయి."

"ఇంత చిన్నదాంట్లో మూడువేలు కూరితే అట్టే ఉంటాయి. నేను ఎనిమిది నూర్లేస్తా. మనిషి గొంతు మనిషి గొంతు మాదిరి ఉంటాది. చాలా?"

"నీ ఇష్టం. నువ్వు జెప్పినాక ఇంకేముండాది."

ఆ చివరి మాట కృపారాణికి నచ్చింది. ఆత్మకూరు బస్టాండు ఎదురు వీధిలో ఆమె అంగడి పెట్టి పదేళ్ళయింది. ఫోన్లో నెట్టు వచ్చాక పాటలేయించుకునేవాళ్ళు తగ్గారు గానీ, సిగ్నలు అందని చేలల్లో ట్రాక్టర్లు తోలేవాళ్ళు, లారీలవాళ్ళు, చర్చీకి మైకుసెట్టు కొన్నవాళ్ళు ఇప్పటికీ ఆమె దగ్గరికే వస్తారు. ఎందులో వింటారో అడక్కుండా ఆమె ఒక్క పాట వేయదు. నాసిరకం పాటలు వేసిందన్న మాట ఈ పదేళ్ళలో ఒక్కరి నోటా రాలేదు.

నరసయ్య పని సగంలో ఉండగా ఫోను మోగింది. ఉదయగిరి కొండ కింద పల్లె నుంచి ఆమె అత్త శీనమ్మ.

"రాణీ, మీ మామ తప్పెటను గోనెసంచిలో చుట్టి అటకెక్కించినాడే," అంది శీనమ్మ. "నిన్న సాయంత్రం ఉదయగిరిలో టీ అంగడి కాడ, హర్షబాబు మనిషి ఫోన్లో పెట్టి అందరికీ ఇనిపించినాడంట, మొన్న నువ్వు పంపినావే, అది. 'కొండలయ్య చెయ్యి పడిపొయింది, దెబ్బ మీద దెబ్బ పడతా ఉండాది, అందుకే లిస్టులో నుంచి ఎత్తేసినాం' అన్నాడంట. మీ మామ ఆడే కూసోనుండాడు. ఒక్క మాట అన్లా. టీ గూడా తాగకుండా లేచొచ్చేసినాడు."

కృపారాణి చేతిలో పని ఆగిపోయింది.

ఉదయగిరి హర్షబాబు పాత మోతుబరి కుటుంబం మనిషి. సంగీతమంటే ప్రాణం. ఈ మెట్ట ప్రాంతం శబ్దాలన్నీ ఒకచోట చేర్చాలని పెద్ద పని పెట్టుకున్నాడు. గొర్రెల కాపరుల పిల్లనగ్రోవి, అనుమసముద్రంపేట దర్గా దగ్గర పాడే ఫకీర్ల పాటలు, ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఉలి చప్పుడు, అన్నీ పోగు చేస్తున్నాడు. వాటిలో లిస్టుకెక్కినవి బళ్ళకు పంచుతారు, నెట్‌లో పెడతారు. తప్పెట అనగానే ఎవరైనా చెప్పే పేరు కొండలయ్యది. ఈ చుట్టుపక్కల పద్దెనిమిది దరువులూ తెలిసిన మనిషి ఆయనొక్కడే. మిగతావాళ్ళు నాలుగైదుతో సరిపెడుతున్నారు. మూడువారాల కిందట కృపారాణి పల్లెకు పోయినప్పుడు మామ చేత వాయింపించి ఫోన్లో పట్టి, అక్కడి నుంచే హర్షకు పంపించింది.

మిగతా పాటలేసి నరసయ్యను పంపించేసి, తను పంపిన ఫైలును అంగట్లో ఉన్న మంచి స్పీకరుకు కలిపి పెట్టింది.

మొదటి పది సెకన్లకే ఆమెకు అర్థమైంది. దెబ్బకు దెబ్బకు నడుమ ఖాళీ లేదు. ఎడమచేతి సిటికెన పుల్ల టకటకలు రేకుల మీద వాన పడ్డట్టు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. టీ అంగట్లో విన్నవాళ్ళది తప్పు కాదు. ఇది విన్న ఎవరైనా చెయ్యి పడిపోయిందనే అంటారు.

ఫైలు వివరాలు తెరిచింది. ముప్పై రెండు అని ఉంది. సెకనుకు ఎంత శబ్దం మిగల్చాలో చెప్పే అంకె అది. ఆ రోజు పల్లెలో సిగ్నలు ఒక్క గీతే ఉంది. ఇరవై నిమిషాల వాయింపు రెండు వందల ఎంబీ అయింది. ఎంతకీ పోలేదు. బస్సుకు టైమవుతోంది. చిన్నది చేసి పంపేస్తే పోలా అనుకుని, తన చేత్తోనే ముప్పై రెండు నొక్కింది. పోయింది. ఆ పైన ఫోను నిండిపోయిందని అసలు ఫైలును కూడా తన చేత్తోనే తుడిచేసింది.

కృపారాణి స్పీకరు ఆపేసింది. తర్వాత హర్షకు ఫోన్ చేసింది.

హర్ష మర్యాదగానే మాట్లాడాడు. "బాధపడొద్దమ్మా. కొండలయ్య అంటే నాకూ అభిమానమే. చిన్నప్పుడు మా ఇంట్లో పెళ్ళిళ్ళన్నిటికీ ఆయనే గదా. వయసయినాక ఎవరికైనా చెయ్యి అంతే."

"లోపం చేతిది గాదు సార్. ఫైలుది. నేనే చిన్నది చేసి పంపినా."

"నేనెప్పుడూ శబ్దం ఏమీ పోని ఫ్లాక్‌లో తప్ప వినను. నీ ఫైలు గూడా ఫ్లాక్‌లోకి మార్చుకునే విన్నా. అంతకంటే మంచి రకం ఏముండాది?"

"చెరుకు పిప్పిని వెండి చెంబులో వేసినా రసం రాదు గదా సార్," అంది కృపారాణి.

 అవతల చిన్నగా నవ్వు. "మాటలు బాగానే వచ్చు నీకు. సరే, శనివారం లిస్టు ఖాయం చేస్తాం. ఆ లోపల ఏమన్నా ఉంటే పట్టుకురా. ఆశలు మాత్రం పెట్టుకోవద్దు."

అది గురువారం.

*

శుక్రవారం తెల్లవారి మొదటి బస్సుకే కృపారాణి ఉదయగిరి దారి పట్టింది. సంచిలో లాప్‌టాపు, మంచి ఇయర్‌ఫోన్లు, చర్చీ పాటలు రికార్డు చేయడానికి కొన్న చిన్న రికార్డరు ఉన్నాయి. బస్సు డిపోలో మెకానిక్కు పని చేసే భర్త సురేంద్రబాబు ఎక్కిస్తూ, "నాయన మాట్లాడడు. నువ్వే మాట్లాడాల," అని మాత్రం అన్నాడు.

కొండలయ్య ఇంటి ముందు కూచుని బర్రెకు పలుపు పేనుతున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నార పాయలు ఆయన అరచేతుల మధ్య ఒకే వేగంతో మెలిపడుతున్నాయి. కోడల్ని చూసి, "వస్తివా. మీ అత్త ఫోను జేసిందా," అన్నాడు. తల ఎత్తలేదు.

కృపారాణి సంచి దించి ఆయన ఎదురుగా నేల మీదే కూచుంది.

"తప్పు నాది మామా."

"ఏం తప్పు?"

"నువ్వు కొట్టిందాన్ని నలభై పాళ్ళు జేసి, ఒక్క పాలు ఉంచి, మిగతాదంతా పారబోసినా. తొరగా పోవాలని. ఆ మిగిలిన పాలే వాళ్ళు ఇన్నది."

పలుపు పేనడం ఆగలేదు. కొంచెం సేపటికి, "ఏది ఉంచాల, ఏది పారబొయ్యాల అని దానికెవరు జెప్పినారు?" అని అడిగాడు.

"దానికదే లెక్కేసుకుంటాది. మనిషి చెవికి ఏది ముఖ్యం గాదనిపిస్తే అది తీసేస్తాది. మాటలకైతే సరిపోతాది. తప్పెట అట్ట గాదు. దెబ్బ రెప్పపాటులో పుట్టి చస్తాది. దాన్ని ఉన్నచోట పట్టుకోలేక ముందుకీ ఎనక్కీ పూసేస్తాది."

"ముందుకా?" కొండలయ్య చేతులు ఆగాయి. "ముందుకి గూడా పూస్తాదా?"

"పూస్తాది."

ఆయన మొదటిసారి ఆమె వైపు చూశాడు. "అదే నేనిన్నది. దెబ్బ పడకముందే దెబ్బ ఇనపడింది. యాభై ఏళ్ళుగా కొడతా ఉండా, నా చెయ్యి అట్ట ఎప్పుడూ చెయ్యలా. రెండు దినాలుగా అదే అడుక్కుంటా ఉండా, ఎట్ట జేసిందా అని. రాత్రి కంచం మీద ఏళ్ళతో కొట్టి చూసుకున్నా. సరిగానే ఉండాది. మరి ఫోన్లో ఎట్ట తప్పింది?"

 శబ్దాన్ని పిండి చిన్నది చేసినప్పుడు దెబ్బకు ముందే దాని నీడ పడుతుందన్న సంగతి కృపారాణి రెండేళ్ళ పాటు నెట్‌లో చదివి, విని, పోల్చి చూసి తెలుసుకున్నది. ఈయన టీ అంగట్లో, అరచేతిలో పట్టే ఫోన్లో, ఒక్కసారి విని పట్టేశాడు. పట్టి, తప్పును తన చేతి మీదే వేసుకున్నాడు.

"నీ చేతికేం గాలా మామా," అంది.  "ఇంకోసారి కొట్టు. ఈసారి ఒక్క రవ్వ గూడా పోనీయను."

కొండలయ్య పలుపును చుట్టగా చుట్టి గోడవార పెట్టాడు. "శీనా, అటక మీద సంచి దించు," అని కేకేశాడు.

తప్పెట దిగింది. ఆయన వాకిట్లో నాలుగు ఎండు తాటాకులు ముట్టించి, మంటకు జానెడు పైన తప్పెటను తిప్పుతూ తోలుకు సెగ చూపించాడు. మధ్యమధ్య బొటనవేలితో మీటి వింటాడు. మెత్తగా పలికితే మళ్ళీ సెగ. అట్లా ఏడెనిమిది సార్లు. చివరి మీటుకు తోలు కంగుమంది. "ఊఁ" అన్నాడు.

వాకిట్లో గోడలకు శబ్దం తగిలి తిరిగొస్తుందని కృపారాణి ఆయన్ను శనక్కాయ పీకేసిన చేలోకి తీసుకుపోయింది. శీనమ్మ మేకల్ని దూరంగా తోలి, మెడల్లో గంటలు చప్పుడు కాకుండా గడ్డి దోపి వచ్చింది. రికార్డరును చిన్న ముక్కాలి పీట మీద పెట్టారు. కొండలయ్య ఒక్క దెబ్బ వేయగానే రికార్డరు మీద ఎర్రలైటు వెలిగింది.

"సద్దు మించిపోతా ఉండాది. అంచులు తెగుతాయి," అని కృపారాణి పీటను నాలుగడుగులు వెనక్కి జరిపింది. మళ్ళీ దెబ్బ, మళ్ళీ ఎరుపు. మళ్ళీ జరిపింది. పన్నెండు అడుగుల దూరంలో లైటు పచ్చగా నిలబడింది. శబ్దాన్ని ఏమాత్రం పిండకుండా ఉన్నదున్నట్టు పట్టే రకాన్ని పెట్టి, ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, చెయ్యి ఎత్తింది.

కొండలయ్య మొదలు పెట్టాడు.

కుడిచేతిలో లావు సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్ర నడుస్తుంటే పుల్ల దాని చుట్టూ తిరుగుతోంది. దరువు మారినప్పుడల్లా ఆయన పేరు చెప్పి మరీ మారుస్తున్నాడు. పెళ్ళి నడక. ఎదురుకోళ్ళు. గంగమ్మ కొలుపు. పీర్ల అడుగు. ఎద్దుల పరుగు. చావు నడక దగ్గర వేగం తగ్గింది. ఒక్కో దెబ్బకూ మధ్య చోటు వెడల్పయింది. ఆ చోటులో ఎక్కడో కొండ వైపు నుంచి పావురం కూత కూడా వినిపించింది కృపారాణికి. ఆమెకు ఈ ఇంటికి కోడలై వచ్చి పన్నెండేళ్ళు. తప్పెట అంటే ఊరేగింపు ముందు మోగే మోత అనే అనుకుంది ఇన్నాళ్ళూ. ఇయర్‌ఫోన్లలో మొదటిసారి ఒక్కో దెబ్బనూ విడిగా విన్నది. పుల్ల తోలు మీద పడి లేచేటప్పుడు గీసుకునే చిన్న చప్పుడు ఉంది. సిర్ర పడ్డాక తోలు ఊగి ఊగి తగ్గుతోంది. పద్దెనిమిది దరువులు ముగిసేసరికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది.

కొండలయ్య మెడ మీద చెమట తుడుచుకుంటూ, "అంతా ఉంచినావా?" అని అడిగాడు.

"అంతా ఉండాది."

"రేపు హర్షబాబు కాడికి నేను గూడా వస్తా. నా చెయ్యి పడిపొయిందో లేదో నా ఎదురుగా జెప్పమను."

*

హర్ష పాటలు వినే గది మేడ మీద ఉంది. గోడలకు మెత్తటి పలకలు అతికించి ఉన్నాయి. గదికి ఒక పక్క మనిషెత్తు స్పీకర్లు రెండు. వాటికి ఎదురుగా, గది మధ్యలో, ఒకే ఒక్క తోలు కుర్చీ. కిటికీ పక్క బల్ల దగ్గర హర్ష అన్న కూతురు దివ్యశ్రీ కంప్యూటరు ముందు కూచుని ఉంది. ఇంజనీరింగు చదివే పిల్ల. పోగుచేసినవాటికి పేర్లు రాసి వరసలో పెట్టే పని ఆమెది.

"రా కొండలయ్యా. అట్ట కూచో," అని హర్ష తలుపు పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు చూపించాడు. ఆయన వయసు నలభై దాటదు. కృపారాణి ఆ 'రా'ను, ఆ స్టూలును, రెంటినీ గమనించి ఊరుకుంది. కొండలయ్య కూచున్నాడు. పైపంచె భుజం మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

కృపారాణి ఇచ్చిన ఫైలును దివ్యశ్రీ పెట్టింది. హర్ష తోలు కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు. పెళ్ళి నడక మొదలైన అరనిమిషానికే ముందుకు వంగాడు. రెండు దరువులయ్యాక చెయ్యెత్తి ఆపించాడు.

"బాగుండాది. చాలా బాగుండాది," అన్నాడు. మోకాలి మీద వేళ్ళు ఆడించాడు. "కానీ ఒక మాట. ఈ రోజుల్లో కంప్యూటర్లో ఏదైనా సర్దొచ్చు. మొన్నటిదీ ఇదీ ఒకే చెయ్యి అంటే ఎట్ట నమ్మేది?"

ఈ ప్రశ్న వస్తుందని కృపారాణి ముందే అనుకుంది. "అందుకే, నిన్న కొట్టిందాంట్లోనే ఒక నిమిషం ముక్క తీసి నాలుగు రకాలుగా జేసి తెచ్చినా సార్. మొన్న పంపినట్టు ముప్పై రెండు ఒకటి. నూట ఇరవై ఎనిమిది ఒకటి. ఎంపీత్రీలో అన్నిటికంటే పెద్దది మూడువందల ఇరవై ఒకటి. ఏమీ పోని ఫ్లాక్ ఒకటి. వాయింపు ఒకటే. మొదటిది మొన్నటి మాదిరే ఇనపడితే, చెయ్యి పడిపోలేదని ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటా," అన్నాడు హర్ష. తర్వాత నవ్వి, "ఏది ఏ రకమో నాకు చూడకుండానే తెలిసిపోతాది. కొండలయ్యకు తెలుస్తాదా?" అన్నాడు.

 కృపారాణి అవి తెచ్చింది హర్షకు వినిపించడానికి. మామను పరీక్షకు కూచోబెట్టాలని ఆమె అనుకోలేదు. వీళ్ళ ముందు ఒక్కటి తప్పు చెప్పినా, రేపు టీ అంగట్లో మళ్ళీ అదే మాట.

"ఇనిపించండి," అన్నాడు కొండలయ్య.

"అయితే పేర్లు కనపడకుండా పెడతా," అని దివ్యశ్రీ స్క్రీను తన వైపు తిప్పుకుంది. "వరస నా ఇష్టం. ముందు తాతగారు. తర్వాత నువ్వు, బాబాయ్." ఆమె తలుపు వైపు చూసి, "తాతా, ఆడ కూచుంటే ఒక స్పీకరే ఇనపడతాది. మీరొచ్చి ఈ మధ్య కుర్చీలో కూచోండి," అంది.

 ఆ కుర్చీలో హర్ష తప్ప ఇంకొకరు కూచోగా ఎవరూ చూసి ఉండరు. కొండలయ్య స్టూలు మీద నుంచి లేవలేదు, అడగనూ లేదు. హర్ష మెల్లగా లేచి పక్కకు నిలబడ్డాడు. అప్పుడు కొండలయ్య వచ్చి, కుర్చీ అంచున కాదు, వెనక్కి ఆనుకుని కూచున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

మొదటిది మోగింది. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, "ఇది ఆ టీ అంగట్లోది. పూసేసింది," అన్నాడు.

దివ్యశ్రీ కాగితం మీద ఏదో రాసుకుంది. రెండోది పెట్టింది. కొండలయ్య పూర్తిగా విన్నాడు. ఎడమచేతి వేళ్ళు మోకాలి మీద సన్నగా కదిలాయి.

"ఇది నేనే. కానీ సిటికెన పుల్ల తోలు మీద గీసుకునే సద్దు లేదు. ఎవరో పుల్లకు గుడ్డ చుట్టినట్టుండాది."

మూడోది. ఆయన ముఖం విప్పారింది. "ఆఁ. ఇది నేను."

నాలుగోది. చివరిదాకా విన్నాడు. "మూడోది ఇంకోసారి పెట్టమ్మా," అన్నాడు. విన్నాడు. మళ్ళీ నాలుగోది అడిగాడు. తల అటు వంచి, ఇటు వంచి విన్నాడు. కళ్ళు తెరిచి, "ఈ రెండూ ఒకటే. తేడా లేదు," అన్నాడు.

హర్ష గట్టిగానే నవ్వాడు. "అదిగో, ఆడ దొరికిపోయినావు. ఒకటి ఎంపీత్రీ, ఒకటి ఫ్లాక్. భూమికీ ఆకాశానికీ ఉండేంత తేడా."

"నాకు ఇనపళ్ళా బాబూ," అన్నాడు కొండలయ్య. గొంతులో బెరుకు లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు.

కృపారాణి నేల వైపు చూసింది. ఆ రెంటికీ తేడా ఆమెకూ ఎప్పుడూ వినపడలేదు. గిరాకీ చెడుతుందని ఆ మాట పైకి అనలేదంతే.

"నీ వంతు బాబాయ్," అంది దివ్యశ్రీ.

కొండలయ్య లేవబోతే, "మీరుండండి," అని హర్ష కుర్చీ వెనకే నిలబడ్డాడు. మొదటి రెంటినీ ఆయన కూడా ఇట్టే చెప్పేశాడు. మిగిలిన రెంటి దగ్గర దివ్యశ్రీ, "ఒకసారైతే గుడ్డిగా తగలొచ్చు. పదిసార్లు మార్చి మార్చి పెడతా. ఏది ఫ్లాకో చెప్పు," అంది.

హర్ష మొదటిసారి టక్కున చెప్పాడు. రెండోసారీ అంతే. నాలుగోసారికి ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆరోసారికి, "ఇంకోసారి పెట్టు," అన్నాడు. తొమ్మిదోసారికి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పదోది చెప్పాక దివ్యశ్రీ కాగితం మీద లెక్కపెట్టింది.

"ఐదు," అంది ఆమె.

"ఐదు తప్పా?"

"ఐదు ఒప్పు. బొమ్మా బొరుసా ఎగరేసినా ఐదొస్తాయి బాబాయ్."

 హర్ష కాగితం అందుకుని పై నుంచి కిందిదాకా చదివాడు. కృపారాణికి ఆయన్ను చూస్తే సంతోషం కలగాలి, కానీ కలగలేదు. పదేళ్ళుగా నమ్ముకున్నదేదో చేతిలో నుంచి జారిన మనిషిలా కనిపించాడు.

"దాంట్లో సిన్నతనం ఏముండాది బాబూ," అన్నాడు కొండలయ్య. "ఇనపడేదానికి ఆడ తేడా ఉంటే గదా ఇనపడేది."

హర్ష కాగితం బల్ల మీద పెట్టి, కృపారాణి వైపు తిరిగాడు. "అయితే నేనీ ఫ్లాకులన్నీ దాచుకోవడం దండగేనా?" ఇప్పుడు ఆయన అడుగుతున్నాడు, చెప్పడం లేదు.

"దండగ గాదు సార్," అంది కృపారాణి. "ఇనేదానికి మూడువందల ఇరవై చాలు. ఫోన్లో, కార్లో, బడిలో స్పీకర్లో, ఏ పెట్టెలో పెట్టినా పలుకుతాది. దాచేదానికి మాత్రం ఫ్లాకే. నిండుదాంట్లో నుంచి రేపు ఏ రకం కావాలన్నా చేసుకోవచ్చు. తరిగిపోయిందాంట్లో నుంచి మళ్ళా నిండుది రాదు. నేను జేసిన తప్పు అదే. అసలుది తుడిచేసినా."

"బళ్ళకిచ్చే పెన్‌డ్రైవుల్లో ఏం పెట్టమంటావు?"

"ఎంపీత్రీ పెట్టండి. అసలు ఫ్లాకులు మీ కాడ ఒకటి, ఆత్మకూరులో నా కాడ ఒకటి ఉంచుదాం. ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటాది. ఇంకోటి సార్, వచ్చినవాటిలో మీరు ఫ్లాక్‌లోకి మార్చుకున్నవి ఉంటే, అవి ముందు ఏ రకంగా వచ్చినాయో చూసుకోండి. పేరు మారితే సరుకు మారదు."

దివ్యశ్రీ అప్పటికే జాబితా తెరిచి చూస్తోంది. "పిల్లనగ్రోవి గూడా అట్టాంటిదే బాబాయ్. ఫకీర్ల పాటలు రెండు. మళ్ళీ పోయి పట్టాల," అంది.

హర్ష తల ఊపాడు. గొంతు సవరించుకుని, "కొండలయ్యగారూ, మీ దరువుల్లో ముఖ్యమైనవి నాలుగు పెడతాం. నాలుగు నిమిషాలు..." అన్నాడు.

"పద్దెనిమిదీ పెట్టండి," అన్నాడు కొండలయ్య. "లేకపోతే ఒక్కటీ వద్దు. నాలుగు ఇన్న పిలకాయ మిగతా పద్నాలుగు లేవనుకుంటాడు."

 కొండలయ్య తోలు కుర్చీలో అట్లాగే కూచుని ఎదురుచూశాడు, తొందరేమీ లేనట్టు.

"సరే. పద్దెనిమిదీ," అన్నాడు హర్ష. "టీ అంగడి కాడ మా మనిషి అన్నమాటకు..."

"వాడు ఇన్నదే జెప్పినాడు. ఇప్పుడిది ఇనిపించమనండి," అన్నాడు కొండలయ్య.

దివ్యశ్రీ వేళ్ళు కీబోర్డు మీద ఆగి ఉన్నాయి. "పేరు ఎట్ట రాయమంటారు తాతా?"

"దారా కొండలయ్య. ఇంటిపేరుతో సహా రాయమ్మా. ఒక్కో దరువు పేరూ రాయి. నేను జెప్తా."

ఆయన చెప్పాడు. పద్దెనిమిది పేర్లూ ఆమె ఒక్కొక్కటే రాసుకుంది.

*

ఉదయగిరి బస్టాండుకు వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆత్మకూరు బస్సు రావడానికి ఇంకా అరగంట ఉంది. నీడలో సిమెంటు బల్ల మీద కూచుని, కృపారాణి మొత్తం వాయింపును ఎంపీత్రీ చేసి తన ఫోన్లోకి ఎక్కించింది. ఇయర్‌ఫోన్లు కొండలయ్య చెవులకు తనే పెట్టింది.

ఆయన తన వాయింపును మొదలు నుంచి వరసగా వినడం జీవితంలో అదే మొదటిసారి. పెళ్ళిళ్ళలో, చావుల్లో, పీర్ల పండగల్లో కొట్టిన ఇన్నేళ్ళూ తప్పెట ఆయన ఛాతీకి ఆనుకునే ఉంది. ఎదురుగా నిలబడి వినేవాడికి అది ఎట్లా వినపడుతుందో ఆయనకు తెలిసే దారి లేదు. పక్కన కూచున్నవాళ్ళు ఆయన్ను చూసి చూపు తిప్పుకుంటున్నారు. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి, వేళ్ళు మాత్రం ఉండి ఉండి కదులుతున్నాయి. పెదాలు బిగించి, ఎవరో కొత్త మనిషి వాయింపును తూకం వేస్తున్నట్టు వింటున్నాడు.

ఉన్నట్టుండి చెయ్యెత్తాడు. "ఆపు. కొంచెం ఎనక్కి తిప్పు."

ఆమె తిప్పింది. ఆయన విన్నాడు. "ఇంకోసారి."

మూడుసార్లయ్యాక ఒక ఇయర్‌ఫోను తీసి ఆమె చెవికి అందించాడు. "పదకొండో దరువు. తిరగేసేకాడ సిటికెన పుల్ల ఎగిరి ముందు పడింది. ఇనపడిందా?"

కృపారాణి ఊపిరి బిగబట్టి విన్నది. దెబ్బలన్నీ వరసగా, విడివిడిగా, ముత్యాల్లా ఉన్నాయి. "నాకేం తెలీలా మామా. బాగుండాదే."

"ఇది పూసింది గాదు. ఇది నేనే. నేను తప్పినా." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో చిన్నతనం లేదు, దిగులు లేదు. రెండు రోజులు తనది కాని తప్పును మోసిన మనిషి, ఇప్పుడు తనదైన తప్పును వేలు పెట్టి చూపిస్తున్నాడు. "ఎవరికీ తెలీదు. నాకు తెలుస్తాది గదా. ఇంకోసారి కొట్టాల."

కృపారాణి ఫోను మోగింది. దివ్యశ్రీ. "అక్కా, బాబాయ్ ఇప్పుడే లిస్టు ఖాయం చేస్తా ఉండాడు. ఆ మొత్తం ఫైలు ఈ సాయంత్రానికల్లా పంపమంటున్నాడు."

ఆత్మకూరు బస్సు మలుపు తిరిగి వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. కృపారాణి మామ వైపు చూసింది. ఆయన అప్పటికే లేచి, పైపంచె దులిపి భుజాన వేసుకుని, పల్లెకు పోయే ఆటోల వైపు నడుస్తున్నాడు.

"ఈ సాయంత్రం కుదరదమ్మా," అంది కృపారాణి. "రేపు ఆదివారం ప్రార్థన అయినాక మా మామ ఇంకోసారి కొడతాడంట. అప్పుడు పంపిస్తా. లిస్టు రేపటిదాకా ఆపమను."

అవతల దివ్యశ్రీ ఎవరితోనో మాట్లాడిన చప్పుడు. తర్వాత, "ఆపుతాడంట అక్కా," అంది.

కృపారాణి సంచి భుజాన తగిలించుకుని, కండక్టరుకు రానని చెయ్యి ఊపి, మామ వెనక నడిచింది.